పెరిగిన గాజులు

కొత్తకోట సంతలో మౌలాబీని ముసలితనంలో చూసినవాళ్లకు ఆమె ఒట్టి గోనెపట్టా మీద గాజులు పరుచుకుని కూర్చునే మనిషి, అంతే. ఎవరు ఎన్ని గాజులు కొన్నా ఒక నూలుపోగు చుట్టి చేతిలో పెట్టేది. కాస్త కాగితంలో చుట్టి ఇమ్మని అడిగిన పాపానికి, "గాజులేసుకుంటవా, కాగితం ఏసుకుంటవా?" అని కసిరేది. ముసల్దానికి నోరెక్కువ అనుకుని నవ్వుకుంటూ పోయేవాళ్లే గానీ, ఒకప్పుడు ఆ చేతులు చుట్టిన గాజుల గంపను విప్పడానికి పెళ్లివారికి మనసొప్పేది కాదంటే నమ్మేవాళ్లు ఎందరు? నమ్మించాలన్న తాపత్రయం ఆమెకూ లేదు. ఆ కసురు నోటి దురుసు కాదు. దాని వెనక ఒక పెళ్లి ఉంది, ఆ పెళ్లిలో నోరు జారిన ఒక మాట ఉంది.

ఆ చేతులకు పని నేర్పినవాడు ఆమె మొగుడు ఫకీర్. పేరుకే ఫకీరు, పని దగ్గర నవాబు. రైలెక్కి హైదరాబాదు పోయి గాజులు తెచ్చి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, బండి కట్టించుకుని కొత్తకోట చేరేవాడు. అక్కణ్నుంచి పల్లెలన్నీ తిరిగి అమ్మేవాడు. ఆ దిక్కున గాజులమ్మేవాళ్లకు కొదవేమీ లేదు. పెబ్బేరులో బుచ్చన్న ఉన్నాడు, అతనూ అదే బజారులో కొనేవాడు, అవే రంగులు తెచ్చేవాడు, మనిషి కూడా మంచివాడే. అయినా ఇంట్లో పెళ్లి కుదిరిందంటే జనం ఫకీర్ గడపే తొక్కేవాళ్లు. గాజు కోసం కాదు, ఆయన కట్టే గంప కోసం.

ఫకీర్ గంప కట్టడం మొదలుపెడితే ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే. ముందు గుడ్డ పేలికలు బిగించి చుట్ట చేసి, గాజుల వరసను దాని మీదికి ఎక్కించేవాడు, నడుమ బోలు లేకుండా. వరస చుట్టూ మెత్తబడ్డ పాత కాగితం. గంపలో కొర్రగడ్డి పరిచి, చుట్టకూ చుట్టకూ మధ్య గడ్డి దోపి, ఒకదాన్నొకటి తాకకుండా పేర్చేవాడు. ఇదంతా ఎవరి కంటికీ కనిపించని పని. దానిపైన గుడ్డ కప్పి, గుడ్డ మీద పతంగులు చేసే పల్చటి కాగితం, ఎరుపూ పచ్చా, వంతులేసి చుట్టేవాడు. అంచుల్లో పన్నీ అనే మెరుపు కాగితంతో కత్తిరించిన పూలు అతికించేవాళ్లు. ఆ గంప వాకిట్లో దిగితే పిల్లలు పెళ్లికూతుర్ని వదిలేసి దాని చుట్టూ మూగేవాళ్లు.

"పైది కండ్లకు, లోపలిది గాజుకు" అనేవాడు ఫకీర్. "కండ్లు ఒక్కపూట జూస్తయి. గాజు బండిమీద దినమంత కొట్టుకుంటది." అంతా అయ్యాక గంపను రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర ఊపేవాడు. లోపల చిన్న సవ్వడి వినిపించినా చాలు, పూలన్నీ పీకేసి మళ్లీ మొదటికొచ్చేవాడు. మౌలాబీకి ఏడుపొచ్చేది, ఎందుకంటే ఆ పూలు ఆమెవి. కత్తెర పట్టుకుంటే ఆమె వేళ్లు మల్లెమొగ్గలూ నెమలికన్నులూ తీసేవి. లోపలి పని ఆమె నేర్చుకుంది గానీ దాని మీద ప్రేమ లేదు. కనిపించని చోట అంత చాకిరీ ఎందుకని ఆమె మనసులో ఎప్పుడూ ఒక సణుగుడు. పై పని అంటే మాత్రం ప్రాణం పెట్టేది. అందులో తప్పేముంది, చూసి మెచ్చుకునే పని ఎవరికి చేదు?

జర్మనీ యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల మొదలై కొత్తకోటలో గాజుల గంపలోకి వచ్చి కూర్చుంది. హైదరాబాదు నుంచి పతంగి కాగితం రావడం ఆగిపోయింది. పన్నీ మాట అడిగితే దుకాణదారులు నవ్వేవాళ్లు. చదివి పారేసిన పాత అఖ్బారు కాగితాల కోసం కూడా కిరాణావాళ్లు కొట్లాడుకుని, చివరికి విసిగి, పప్పూ బెల్లం మోదుగాకుల్లో చుట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. దానికి తోడు ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కొర్రచేలు వెన్ను తీయకముందే మాడిపోయాయి. అక్కడక్కడ మిగిలిన గడ్డిని రైతులు పశువులకు దాచుకున్నారు. గాజుల కింద పరుచుకుంటానంటే ఎవరు ఇస్తారు?

అది చాలదన్నట్టు ఫకీర్‌ను ఊపిరాడనివ్వని దమ్ము జబ్బు పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే గుండె ఎగిసిపడేది. వనపర్తి దవాఖానలో ఇచ్చిన మందుసీసాలు గూట్లో వరస కట్టాయి గానీ మనిషి మంచం దిగలేదు. పల్లెల్లో అప్పుడే మాట పుట్టింది, ఫకీర్ పనైపోయింది, ఇక పెబ్బేరు బుచ్చన్ననే పిలుచుకోవాలని. ఆ మాట మౌలాబీ చెవిన పడింది. సంతలో నాలుగు గాజులు అమ్ముకుంటే ఉప్పుకూ మిరపకాయకూ వస్తుందేమో, కడుపు నిండదు. ఏడాదికి ఏడాది ఇల్లు నడిపించేది పెళ్లి గంపలే. అవి పోతే మందుసీసా కూడా పోతుంది. ఆమెకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే కంటి మీద కునుకు లేదు.

అట్లాంటి సమయంలో హన్మమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. హన్మమ్మ అంటే పెబ్బేరు దాటాక బీచుపల్లి బాటలో ఒక పల్లెలో పెద్దరైతు తిరుపతయ్య భార్య. పేరుకు ఆయన ఇల్లు, పెత్తనం ఆమెది. ఆమె ఏ గాజులు కొంటే చుట్టుపక్కల పల్లెలవాళ్లు అవే కొనేవాళ్లు, ఆమె ఎవర్ని పిలిస్తే వాళ్లనే పిలిచేవాళ్లు. కూతురు నాగేంద్రమ్మ పెళ్లి మాఘంలో పెట్టుకున్నారు. ఆ పిల్ల పురిటి గుడ్డుగా ఉన్నప్పుడు దిష్టి తగలకుండా చేతులకు నల్లగాజులు వేసింది ఫకీరే. "ఫకీరన్న లేవకుంటే మౌలాబీ తెస్తది, మాకు వేరేవాళ్ల గాజులు వద్దు" అని హన్మమ్మ నలుగురిలో అన్నదట. ఆ మాటకు మౌలాబీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే భయం పట్టుకుంది. ఈ ఒక్క గంప గట్టెక్కితే మొగుడు మంచం మీదున్నా పల్లెలు తనవే. తేడా వస్తే అన్నీ బుచ్చన్నవి.

పెట్టె అడుగున ఎప్పటివో పతంగి కాగితాలు కొన్ని ఉన్నాయి. తీసి చూస్తే మడతల దగ్గర చిరుగులు పట్టాయి, ముట్టుకుంటే విడిపోతున్నాయి. వెనక ఏదైనా అట్ట వేసి అతికిస్తే తప్ప గంప చుట్టూ నిలవవు. ఇంట్లో ఉన్న మెత్తటి పాత కాగితం అంతా కలిపితే ఒక్క పనికే సరిపోతుంది. గాజుల చుట్టూ లోపల చుడితే పైన చిరుగులు. పైన అతికిస్తే లోపల ఏమీ లేదు. మౌలాబీ ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెళ్లింట్లో దిగగానే అందరూ చూసేది పైననే కదా. ఫకీర్ పడుకున్నా గంప అదే గంప అనాలి, ఆ మాట ఊళ్లు తిరగాలి. గంజి కాచి, మెత్తటి కాగితాన్నంతా పతంగి కాగితం వెనక అతికించింది. ఉన్న పన్నీతో పూలు కత్తిరించింది. అవి ఆమె జన్మలో కత్తిరించినవాటిల్లోకెల్లా అందమైన పూలు.

కొర్రగడ్డి లేదు కాబట్టి ఎండిన జొన్నాకు తెచ్చి గాజుల మధ్య దోపింది. జొన్నాకు పైకి బాగానే ఉంటుంది, నొక్కితే చేతికి మెత్తగా తగులుతుంది. కానీ ఎండినదాన్ని కుదిపితే పొడి అయిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదనలేం. బండి రేపు వస్తుందనగా ఇవాళ తెలిసి ఏం లాభం అనుకుంది. గంప ఎత్తి చెవి దగ్గర ఊపింది, సవ్వడి రాలేదు. గుండె మీద చెయ్యి వేసుకుంది.

మంచం మీదనుంచి ఫకీర్ అడిగాడు, "లోపల ఏం బెట్టినవ్?"

"ఎప్పుడు బెట్టేదే" అంది మౌలాబీ. మొగుడితో ఆడిన అబద్ధాల్లో అది పెద్దదేం కాదు. కానీ ఆ ఒక్కటే తర్వాత ఆమెను నిద్రలో కూడా లేపేది.

మర్నాడు హన్మమ్మ ఇంటి జీతగాడు కురుమూర్తి పెళ్లి సామాన్ల కోసం బండి కట్టుకుని వచ్చి గంపను కూడా ఎక్కించుకుపోయాడు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పెళ్లి గాజులు ముందే వచ్చి దేవుని అర్రలో ఉండాలి. పసుపు కుంకుమ పెట్టాక, అనుకున్న రోజున గాజులవాళ్లు వచ్చి నలుగురు ముత్తైదువల ముందు గంప విప్పి పెళ్లికూతురితో మొదలుపెట్టి అందరికీ వేయాలి. ఆ రోజుకు మౌలాబీ రావాలన్నది మాట. బండి ఊరు దాటే దాకా ఆమె నిలబడి చూసింది. చక్రం గుంటలో పడి లేచిన ప్రతిసారీ ఆమె పళ్లు బిగుసుకున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన ఇళ్లల్లో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. అట్లాగే ఆడవాళ్ల చేతి గాజు పగిలిందనరు, పెరిగిందంటారు. మామూలు రోజుల్లోనే అనని మాటను పెళ్లింట్లో అంటారా? అందులోనూ పెళ్లికూతురి గాజులను గురించి? పుట్టిన దగ్గర్నుంచి గాజుల మధ్య బతికిన మౌలాబీకి ఇది ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. కానీ మనిషి భయంలో ఉన్నప్పుడు చెవి తనక్కావలసినట్టు వింటుంది.

కురుమూర్తి రెండోసారి కొత్తకోట వచ్చింది గాజుల రోజుకు ముందు రోజున. పొద్దు నడినెత్తికి రాకముందే కాలినడకన వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఫకీర్ మందు మత్తులో పడుకుని ఉన్నాడు. కురుమూర్తి నిజాయితీగల మనిషి, చెప్పమన్నది చెప్పినట్టు మోసుకుపోవడం తప్ప వేరే తెలివి ఎరుగడు. మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"మౌలక్కా, గాజులు పెరిగినయని చెప్పమన్నది అమ్మ. ఏం జెయ్యాల్నో నీకు ఎరుకనేనట."

 రెండు రోజులుగా పగిలాయన్న మాట కోసమే మౌలాబీ చెవులు రిక్కించుకుని ఉన్నాయి. ఆ మాట రాలేదు. పెరిగినయి అన్నాడు. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది, అనుకున్న వాటికంటే కొసరుగా ఇంకొన్ని వరసలు తను గంపలో వేసిన సంగతి. పెద్దింటి ఆడవాళ్లు, దించుకోగానే లెక్క చూసుకుని ఉంటారు, ఎక్కువ తేలి ఉంటాయి, ఏం చెయ్యమంటావని అడుగుతున్నారు. ఎంత మర్యాదస్తులు! గుండె మీద బండ దిగిపోయింది. నవ్వింది. చాలా రోజుల తర్వాత నోరారా నవ్వింది.

"పెరిగినయా? పెరగనీ. మా దిక్కెల్లి పిల్లకు దీవెన అనుకొమ్మని జెప్పు" అంది.

కురుమూర్తి తలెత్తి ఆమె ముఖం వంక చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. పెద్దవాళ్ల మాటల మధ్య తనెవరు? అదే మాట మళ్లీ ఒకసారి మనసులో అప్పజెప్పుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఆ మనిషికి ఆ పూట కాస్త మతిమరుపు వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఆ పూట మౌలాబీ పచ్చడి నూరింది, ఇంట్లో ఉన్న నాలుగు బియ్యం గింజలూ వండింది. పొద్దు వాలేవేళకు ఫకీర్‌ను లేపి, దిండు ఆనించి కూర్చోబెట్టి, ముద్దలు చేసి ఇస్తూ కబురు చెప్పింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ అయినా గాజుల కబుర్లు మాత్రం పల్లెల నుంచి తెలుగులోనే వచ్చేవి, తెలుగులోనే సాగేవి. హన్మక్క ఎంత మంచిదో చూడు, గాజులు పెరిగినయని మనిషిని పంపించింది అని చెప్పింది. ఫకీర్ నోట్లో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"పెరిగినయి అన్నడా, ఎక్కువైనయి అన్నడా?"

మౌలాబీ చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టేసింది. పెరిగినయి అన్నడు. ఆ మాటే అన్నడు. 

"నువ్వేమన్నవ్?" అన్నాడు ఫకీర్.

ఆమె చెప్పింది. చెప్పకుండా దాచుకునే ఓపిక కూడా లేకపోయింది. లోపల పెట్టింది జొన్నాకని, కాగితమంతా పైకే పోయిందని కూడా చెప్పేసింది. ఫకీర్ కళ్లు మూసుకున్నాడు. కోప్పడలేదు, తిట్టలేదు. దమ్ము అందక ఎగశ్వాస మొదలైతే ఆమె వీపు రాస్తూ కూర్చుంది. పెళ్లికూతురి గాజులు పగిలాయని తల్లి కబురు పెడితే, పగలనీ, అదే నా దీవెన అని జవాబు పంపింది తను. ఆ మాట ఇంతసేపటికి ఆ వాకిట్లో పడి ఉంటుంది. బాణమైతే తప్పేదేమో గానీ కురుమూర్తి చేతికిచ్చిన మాట తప్పదు.

సంతలో అమ్మడానికని ఉంచుకున్న గాజుల్లో పచ్చవన్నీ ఏరింది. చుట్టడానికి కాగితం లేదు, గడ్డి లేదు. పెట్టెలోంచి తన నిఖా నాటి ఎర్ర చీర తీసి, చించి, వరసకొక పేలిక చుట్టింది. పైన కప్పడానికి పాత గోనె తప్ప ఏమీ మిగల్లేదు. పక్కింటి గౌసియాబీని పిలిచి మొగుడికి నీళ్లూ మందూ చూడమని చెప్పి, తెల్లవారుతూనే గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. దారిలో శనక్కాయల బండివాడొకడు ఎక్కమన్నాడు. కుదుపులకు భయపడి వద్దంది. పెబ్బేరు దాటేసరికి అరికాళ్లు మంటలెత్తాయి. నడుస్తున్నంతసేపూ హన్మమ్మకు ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉంది, కూర్చిన ప్రతి మాటా నోటికి అడ్డం పడుతూనే ఉంది.

అవతల ఆ ఇంట్లో జరిగింది ఆమెకు తర్వాత తెలిసింది. బండి దించేటప్పుడే గంపలోంచి సవ్వడి వచ్చిందట. ఫకీర్ గంప చప్పుడు చేయడం హన్మమ్మ ఎన్నడూ వినలేదు. అనుమానంతో తలుపు మూసి తనొక్కతే విప్పి చూస్తే, లోపల జొన్నాకు పొడి, ఆ పొడిలో పచ్చటి పెంకులు. పెళ్లికూతురి వరసలు సగానికి పైగా పోయాయి. హన్మమ్మ గట్టి మనిషి. ఎవరికీ చెప్పకుండా మళ్లీ మూసి, తెల్లవారగానే కురుమూర్తిని పంపింది. మౌలాబీ కొత్త గాజులతో పరుగెత్తుకొస్తుంది, ఎవరికీ తెలియకుండా పని గడిచిపోతుందనుకుంది. ఫకీర్ ఇంటి పరువు తన పరువు అనుకున్న మనిషి ఆమె. కానీ కురుమూర్తి పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చి, పసుపు దంచుతున్న ఆడవాళ్లందరి ముందూ, అడిగినదానికి అడిగినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. రోకళ్లు ఆగిపోయాయి. పెళ్లికూతురు లోపల్నుంచి వింది. ఆ రాత్రే పెబ్బేరు బుచ్చన్నకు కబురు పోయింది.

మౌలాబీ ఆ వాకిట్లో అడుగుపెట్టేటప్పటికి పందిరి కింద చాప మీద బుచ్చన్న కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్లు, అప్పటికే చాలామంది చేతులు నిండాయి. నాగేంద్రమ్మ చెయ్యి బుచ్చన్న చేతిలో ఉంది. మౌలాబీని చూసి బుచ్చన్న పని ఆపాడు. జరుగుదామా వద్దా అన్నట్టు హన్మమ్మ వంక చూశాడు. హన్మమ్మ కానివ్వమని తలూపి, తను లేచి పందిరి అంచుకు వచ్చింది.

మౌలాబీ గంప దించలేదు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"హన్మక్కా, నేను ఎక్కువైనయి అనుకున్న. నా మొగని మీద ఒట్టు. పగిలినయని ఎరుకైతే గా మాట అంటనా?"

అన్నాక గానీ తన మాట తన చెవిన పడలేదు. పెళ్లింట్లో, పందిరి కింద, పెళ్లికూతురి చేతికి గాజులు ఎక్కుతుండగా, ఎవరూ అనని ఆ మాటను తనే నలుగురిలో అనేసింది. ఒక ముసలామె చెవులు మూసుకుంది. ఎవరో ఉమ్మేశారు. నాగేంద్రమ్మ తల వంచుకుంది, ఆమె కళ్లలోంచి నీళ్లు కొత్త గాజుల మీద పడ్డాయి. మౌలాబీ నాలుక కరుచుకుంది గానీ, ఇక కరుచుకుంటే ఏం, కోసుకుంటే ఏం?

 హన్మమ్మ మౌలాబీ నెత్తి మీది గంపను తనే రెండు చేతులా దించి పక్కన పెట్టింది. లోపల చిన్న సవ్వడి కూడా రాలేదు. ఆమె గొంతులో కోపం లేదు, అదే మౌలాబీని ఎక్కువ భయపెట్టింది.

"నీ మనసుల పాపం లేదు మౌలాబీ. నాకు ఎరుకనే. కని ఆ మాట పిల్ల చెవుల వడ్డది. రేపు దానికి తలనొస్తే గూడ నాకు గదే యాదికొస్తది. నేను తల్లిని." గంపను కాస్త మౌలాబీ వైపు జరిపి అంది. "మా ఇంటికి రావద్దనను. ఎప్పుడొచ్చినా బువ్వ దిని పో. గాజులు మాత్రం తేకు."

విస్తరి వేయించింది. మౌలాబీ కూర్చుని తిన్నది. పెద్దింటి మాటకు ఎదురు చెప్పకూడదని కాదు, మంటలెత్తిన అరికాళ్లతో వెంటనే దారి పట్టలేక. గాజులవాళ్లకు కట్నంగా పెట్టే చీరను హన్మమ్మ ఆమె చేతిలో పెట్టబోతే మాత్రం తీసుకోలేదు. బుచ్చన్న పని ముగించుకుని పోతూ ఆమె పక్కన ఒక్క క్షణం నిలబడ్డాడు. ఫకీరన్నకు ఎట్లుందని అడిగాడు. ఉన్నడని చెప్పింది. అతను తల వంచుకుని పోయాడు, దొంగిలించినవాడిలాగా. అతని తప్పు మాత్రం ఏముంది? ఎవరికీ చెడుబుద్ధి లేని చోట నష్టం ఎవరి మీద పడాలో, సరిగ్గా వాళ్ల మీదే పడింది.

పెబ్బేరులో ఎరిగినవాళ్ల ఇంట్లో తలదాచుకుని, మర్నాడు పొద్దెక్కాక కొత్తకోట చేరింది. దారిలో గంపను ఎక్కడైనా వదిలేద్దామా అని ఒకటికి రెండుసార్లు అనుకుంది. అమ్ముడుపోని సరుకును ఎవరు వదిలేస్తారు, అందులోనూ ఇక సంత తప్ప గతి లేనప్పుడు? వాకిట్లో ఆగి ముఖం కడుక్కుంది. గౌసియాబీ ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి, తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఫకీర్ మెలకువగానే ఉన్నాడు. రెండు రోజుల్లో మనిషి ఇంకా చిక్కాడు. గుమ్మం వైపే చూస్తున్నాడు. మౌలాబీ గంప దించి గోడవార పెట్టింది. గోనె మీద తను కట్టిన తాడు కట్టినట్టే ఉంది, ఒక్క ముడి కూడా విప్పలేదు. మంచం మీదనుంచి అది స్పష్టంగా కనిపిస్తుంది.

"అందరి చేతులు నిండినయా?" అన్నాడు.

"నిండినయి."

"పిల్ల చేతులు?"

"నిండినయి. పచ్చగున్నయి." అబద్ధం ఆడలేదు. ఉన్నదే చెప్పింది.

మొన్న ఒక్క మాటను పట్టుకుని ఇదా అదా అని నిలదీసిన మనిషి, ఎవరు వేశారని అడగలేదు. గంప వంక చూశాడు. ముడుల వంక చూశాడు. చెయ్యి చాపి ఆమెను మంచం పట్టె మీద కూర్చోమన్నాడు. నడిచి నడిచి వాచిన ఆమె పాదాన్ని తన దుప్పటి మీదికి లాక్కుని, ఓపిక లేని వేళ్లతో నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టాడు.